డబ్బా దాటిపోయేలోపు

"వైరు లాగకే! ముందు కిటికీ తెరువు!" డాబా మీదనుంచి అత్త అరిచింది.

ఉడుత కిటికీ తెరిచింది. తడిగాలి గదిలోకి దూరింది. డాబా మీదనుంచి నల్లటి వైరు గోడ పక్కగా వేలాడుతూ వచ్చి, కిటికీలోంచి లోపలికి దిగి, బల్లమీద రేడియో వెనకాల దూరింది. పై చివర అత్త చేతిలో యాంటెన్నా ఉంది. కింది చివర ఉడుత చేతిలో మైకు ఉంది.

బళ్లో ఆమెకి వేరే పేరుంది. ఇంట్లో మాత్రం ఉడుతే. ఒకచోట కుదురుగా కూర్చోదని నాన్న పెట్టిన పేరు.

నాన్న దూరంగా ఒక దీవి మీద, వాతావరణ కేంద్రంలో పనిచేస్తాడు. ఒక నెల అక్కడ, ఒక నెల ఇక్కడ. మొన్న రాత్రి తుఫాను ఆ దీవి మీదుగానే వెళ్లింది. అప్పటినుంచి ఆయన ఫోను మోగడం లేదు. అక్కడి టవరు కూలిపోయిందని టీవీలో చెప్పారు. మనుషుల సంగతి మాత్రం ఏమీ చెప్పలేదు.

మిగిలింది డబ్బా ఒక్కటే.

డబ్బా అంటే ఉపగ్రహం. బ్రెడ్డు ప్యాకెట్టంత ఉంటుంది. ఎక్కడో కాలేజీ పిల్లలు దాన్ని తయారుచేసి, పెద్ద రాకెట్టులో ఓ మూల కాస్త చోటడిగి పైకి పంపారు. భూమికి మరీ దూరం పోకుండా, గంటన్నరకో చుట్టు తిరుగుతూ ఉంటుంది. కిందనుంచి ఎవరైనా రేడియోలో మాట్లాడితే ఆ మాటను పట్టుకుని మళ్లీ కిందికి వదులుతుంది. దాని పని అంతే. నాన్నకీ అత్తకీ రేడియో లైసెన్సులున్నాయి. సెలవురోజుల్లో ముక్కూమొహం తెలియనివాళ్లతో డబ్బా మీదుగా కబుర్లాడటం వాళ్ల సరదా.

"ఫోన్లు పోయినరోజున డబ్బా దగ్గర కలుద్దాం," అని నాన్న ఒకసారి నవ్వుతూ అన్నాడు. ఆరోజు అందరూ నవ్వారు.

యాంటెన్నా చేపముల్లులా ఉంటుంది. మామూలుగా దాన్ని ఒక మోటారు తిప్పుతుంది. తుఫాను నీళ్లు లోపలికి దిగి ఆ మోటారు పాడైంది. అందుకే అత్త దాన్ని చేత్తో పట్టుకుని, డబ్బా వెళ్లే దారి వెంట కాస్తకాస్తగా తిప్పాలి. అత్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎత్తంటే భయం లేదు.

పైకి వెళ్లేముందు అత్త ఒకటికి రెండుసార్లు చెప్పింది. "మైకు మీద బటన్ నొక్కితే నువ్వు మాట్లాడతావు. వదిలితే వింటావు. నొక్కి ఉన్నంతసేపూ రేడియోకి నోరే ఉంటుంది, చెవి ఉండదు. డబ్బాకి ఒక్కటే దారి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే గట్టి గొంతు మిగులుతుంది, బలహీనంగా ఉన్నది అణిగిపోతుంది. కాబట్టి ఒకసారి పిలువు. వదులు. మెల్లగా పది లెక్కపెట్టు. మళ్లీ పిలువు. అర్థమైందా?"

"అయింది."

"నాన్న కనక ఉంటే, పాపం, ఏ పాత బ్యాటరీతోనో పిలుస్తుంటాడు. గొంతు చీమంత ఉంటుంది. చెవులు రిక్కించి విను."

"అయిందన్నాగా అత్తా!"

ఉడుత పక్కన తమ్ముడు బొండం స్టూలెక్కి కూర్చున్నాడు. వాడికి అయిదేళ్లు. "అక్కా, నాన్న డబ్బాలో ఎలా పట్టాడు?" అని అడిగాడు.

"నాన్న కాదురా, మాట. మాట పడుతుంది."

"నాన్న మాట పెద్దగా ఉంటుందిగా?"

"ఉష్!"

"వచ్చేసింది! మొదలుపెట్టు!" పైనుంచి అత్త అరిచింది.

ఉడుత బటన్ నొక్కింది. అత్త నేర్పినట్టే ముందు తమ రేడియో స్టేషను పేరు చెప్పింది. తరవాత దీవి స్టేషనుని పిలిచింది. బొటనవేలు తీసింది.

స్పీకరులోంచి హోరు వచ్చింది.

ఒట్టి హోరు. ఎండుటాకుల మీద వాన పడుతున్నట్టు. ఉడుత లెక్క మొదలుపెట్టింది. ఒకటి. రెండు. ఆ హోరులో ఎవరూ లేరు. మూడు. అది ఖాళీ గదిలా ఉంది. తలుపు తీసి చూస్తే మంచం మీద ఎవరూ లేని గది. నాలుగు.

అయిదు దాకా వెళ్లలేకపోయింది. బటన్ నొక్కేసింది.

నొక్కగానే హోరు ఆగింది. ప్రాణం కాస్త కుదుటపడింది. "నాన్నా, నేను ఉడుతని! వినపడుతోందా? మేం బాగున్నాం. అమ్మ డ్యూటీకి వెళ్లింది. నువ్వు బాగున్నావా? పలుకు నాన్నా!"

ఇక వదలాలి. వదిలితే ఆ హోరు మళ్లీ వస్తుంది. అందులో నాన్న లేకపోతే? తను మాట్లాడుతున్నంతసేపూ నాన్న వింటున్నట్టే ఉంది. నోరు మూస్తేనే నాన్న ఉన్నాడో లేడో తెలిసిపోతుంది. అందుకని ఉడుత మాట్లాడుతూనే ఉంది. బడికి సెలవిచ్చారని చెప్పింది. ఎదురింటి రేకులు ఎగిరిపోయాయని చెప్పింది. చెప్పిందే మళ్లీ చెప్పింది. గొంతు పెరిగింది. చెయ్యి చెమటపట్టింది.

ఆ చెమటకి ఒకసారి వేలు జారింది.

హోరులో ఏదో గీసినట్టు వినబడింది. సన్నగా, గరగరమంటూ, మాటలాంటిది. అది ఎవరి గొంతు? నాన్నదేనా? నాన్నదైతే అంత నీరసంగా ఎందుకుంది? ఆలోచించేలోపే వేలు మళ్లీ బటన్ మీదికి వెళ్లిపోయింది. "నాన్నా! నాన్నా! నువ్వేనా? నాన్నా!"

ఈసారి చివరిదాకా వదల్లేదు.

మెట్లమీద అడుగుల చప్పుడయ్యింది. అత్త లోపలికి వచ్చింది. చేతులు చలికి ఎర్రబడ్డాయి. "డబ్బా దాటిపోయింది. పలికాడా?"

"లేదు."

"వదిలి విన్నావా? పది లెక్కపెట్టావా?"

బొండం అక్క మొహంలోకి చూశాడు. వాడికి పది దాకా రాదు.

"ఆ," అంది ఉడుత. "విన్నాను."

అత్త కుర్చీలో కూర్చుని చాలాసేపు తన పాదాలకేసి చూసింది. ఎంత చెడిపోయిన లిఫ్టు దగ్గరైనా ఈలవేస్తూ పనిచేసే మనిషి. ఇప్పుడు ఈల లేదు.

ఉడుత మైకుని బల్లమీద బోర్లించింది. ఒక చిన్న మాట. 'ఆ' అనే అక్షరం. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చేసింది! కానీ బయటికి వచ్చాక అది పెరగడం మొదలుపెట్టింది.

కాసేపటికి అమ్మ వచ్చింది. అమ్మ ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిలో పనిచేస్తుంది. గొడుగు మడవకుండానే గుమ్మంలో నిలబడి అత్త వైపు చూసింది.

"లేదు వదినా," అంది అత్త.

అమ్మ గొడుగు మూలకి ఆనించింది. అది జారి పడింది. మళ్లీ ఆనించింది. మళ్లీ పడింది. ఈసారి దాన్ని అలాగే వదిలేసి వంటింట్లోకి వెళ్లి, కడిగి పెట్టిన గ్లాసునే మళ్లీ కడగసాగింది.

"ఇంకో రౌండు ఉందిగా, అమ్మాయ్?" లోపలినుంచి అడిగింది.

"ఉంది కానీ, అది బాగా కిందనుంచి పోతుంది వదినా. ఆ అపార్ట్‌మెంట్ల వెనకాలగా. మనకి దొరికేదే కాస్త." అత్త కళ్లు తుడుచుకుంది. "ఇందాకటి రౌండు సరిగ్గా నెత్తిమీదుగా వెళ్లింది. అన్నయ్య రేడియో పనిచేస్తుంటే అప్పుడే పలికేవాడు. అంత బాగా కనబడినప్పుడు పలకలేదంటే..."

అత్త ఆ మాట పూర్తి చెయ్యలేదు. ఉడుత మాత్రం మనసులో పూర్తిచేసింది.

"ఓడరేవు ఆఫీసులో ఆచూకీ లేనివాళ్ల పేర్లు రాసుకుంటున్నారట," అంది అమ్మ. గొంతు మామూలుగానే ఉంది. మరీ మామూలుగా ఉంది. "ఆసుపత్రిలో చెప్పారు. సాయం కావాలని కబురొచ్చిన చోటికే ముందు పడవలు పంపుతారట. కబురు రానిచోటికి తరవాతట. పద, ఇప్పుడే వెళ్లి మీ అన్నయ్య పేరు రాయించొద్దాం. సాయంత్రం మూసేస్తారు."

"పద వదినా."

ఇద్దరూ చెప్పులు వెతుక్కుంటున్నారు. పక్కింటావిడని పిల్లల్ని చూడమన్నారు. అంతా చకచకా జరిగిపోతోంది. ఉడుత గోడకి ఆనుకుని చూస్తోంది. ఇద్దరు పెద్దవాళ్లు తన 'ఆ' అనే మాట మీద కాళ్లు పెట్టి నడుస్తున్నారు. కింద ఏమీ లేదని వాళ్లకి తెలియదు.

"అక్కా, ఆచూకీ అంటే ఏంటి?" బొండం అడిగాడు.

"ఎవరు ఎక్కడున్నారో తెలియడం."

"నాన్న దీవిలో ఉన్నాడుగా. నాకు తెలుసుగా. నన్నడగమను."

ఉడుత చూపు మైకు మీదికి పోయింది. చెబితే? అమ్మ ఏమంటుంది? అత్త ఇక జన్మలో మైకు ముట్టుకోనివ్వదు. చెప్పకపోతే? వాళ్లు ఓడరేవుకి వెళ్తారు. డబ్బా వస్తుంది. యాంటెన్నా పట్టుకోవడానికి ఎవరూ ఉండరు. అక్కడ దీవిలో ఎవరో చీమంత గొంతుతో పిలుస్తారు. ఆ గరగర గొంతు. అది పిలిచి పిలిచి ఊరుకుంటుంది.

ఇందాకటి భయం ఒకటి. ఇది దాన్ని మించిన భయం. ఉడుతకి తెలియకుండానే కాళ్లు గుమ్మం దాకా వెళ్లాయి.

"అత్తా, నేను వదల్లేదు."

అత్త చెప్పు బకిలు పెట్టుకుంటోంది. "ఏంటి వదల్లేదు?"

"బటన్. ఒక్కసారే వదిలాను, మొదట. నాలుగు దాకానే లెక్కపెట్టాను. తరవాత నొక్కే ఉంచాను. మధ్యలో వేలు జారింది. అప్పుడు..." మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "అప్పుడు ఏదో గొంతు వినబడింది. నాన్నదో కాదో తెలీదు. నాకు భయమేసింది. మళ్లీ నొక్కేశాను. విన్నానని అబద్ధం చెప్పాను."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి తిప్పలు పడుతున్నారు.

అమ్మ మొహం ఎర్రబడింది. "ఎంత పని చేశావే! ఇంతసేపు చెప్పవా? నేనిక్కడ..." చెయ్యి పైకి లేచింది. ఉడుత కళ్లు మూసుకుంది. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి అమ్మ గుమ్మం మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది. వేళ్ల మధ్యనుంచి మాట వచ్చింది. "అంటే... ఉన్నాడేమో. అమ్మాయ్, ఉన్నాడేమో కదూ?"

అత్త వాచీ చూసుకుంది. "ఉడుతా, నా మొహం చూడు. కోపంగా ఉందా?"

"ఉంది."

"ఉంటుంది. కానీ అది తరవాత. ఇప్పుడు రౌండుకి టైమవుతోంది. లిఫ్టు రాలేదని బటన్ని చావగొట్టేవాళ్లని రోజూ చూస్తుంటా. మన ఇంట్లోనే ఒకత్తి ఉందని తెలీదు." అంటూనే మెట్లవైపు నడిచింది. "వదినా, నేను పైకి వెళ్తా. ఈసారి పిట్టగోడ ఎక్కి పట్టుకోవాలి. కింద మైకు దగ్గర..."

ఉడుత వెనక్కి జరిగింది. "అమ్మ కూర్చుంటుంది."

"నావల్ల కాదు," అంది అమ్మ. "నేను కూర్చుంటే నేనూ వదలను. నువ్వు ఒకసారి తప్పు చేశావు కాబట్టి ఎక్కడ జారతావో నీకు తెలుసు. కూర్చో."

ఉడుత కూర్చుంది. అమ్మ పక్కన నిలబడింది. చేతిలో పెన్ను ఉంది. కాగితం వెతికే తీరిక లేదు.

"వస్తోంది!" పైనుంచి అత్త గొంతు వినబడింది. గాలికి సగమే వినబడింది.

ఉడుత నొక్కింది. స్టేషను పేరు చెప్పింది. దీవిని పిలిచింది. వదిలింది.

హోరు.

ఒకటి. రెండు. వేలు బటన్ వైపు పాకింది. ఉడుత మైకుని బల్లమీద పెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. మూడు. నాలుగు. ఖాళీ గది తలుపు మళ్లీ తెరుచుకుంది. ఈసారి ఉడుత గుమ్మంలోనే నిలబడి లోపలికి చూసింది. భయం పోలేదు. పక్కనే నిలబడి ఉంది. అయిదు. ఆరు.

"హలో, హలో, ఎవరమ్మా పిలిచింది?" ఒక్కసారిగా స్పీకరు మోగింది. ఎవరో పెద్దాయన. వెంటనే ఇంకో ఊరినుంచి ఇంకొకరు, ఆ వెనకే ఒకావిడ. అందరూ కబుర్లకి వచ్చినవాళ్లే.

అమ్మ పెదవి కొరుక్కుంది. ఉడుత మైకు తీసుకుని ఆగింది. వాళ్ల మాట అయ్యేదాకా ఆగి, అప్పుడు నొక్కింది.

"తుఫానొచ్చిన దీవిలో మా నాన్న ఉన్నాడండీ. ఆయన రేడియో గొంతు చాలా చిన్నది. కాస్త దారి ఇస్తారా?"

వదిలింది.

"ఇచ్చాం తల్లీ," అన్నాడు పెద్దాయన. "అందరూ వినండి. ఎవరూ బటన్ నొక్కొద్దు."

ఆ తరవాత ఎవరూ మాట్లాడలేదు. ఎక్కడెక్కడో, ఏయే ఇళ్లలోనో, ముక్కూమొహం తెలియని మనుషులు చేతులు వెనక్కి తీసుకుని కూర్చున్నారు. హోరు మాత్రం మిగిలింది. అది ఎంతసేపు ఉందో ఉడుతకి తెలియదు. లెక్క ఎప్పుడో తప్పిపోయింది.

అప్పుడు గరగరమంది.

"...ఉడుతా... వినబడుతోందా... దీవినుంచి..."

అమ్మ గట్టిగా ఊపిరి పీల్చింది. ఉడుత నోట్లో వంద మాటలు తోసుకున్నాయి. రెండే బయటికి పంపింది. "వినబడుతోంది. చెప్పు." వేలు తీసేసింది.

"పైకప్పు ఎగిరిపోయింది. నలుగురం ఉన్నాం. అందరం బతికే ఉన్నాం. వంటాయన కాలు విరిగింది, జ్వరం కూడా ఉంది. తాగే నీళ్లు అయిపోవచ్చాయి. తూర్పు రేవు పాడైంది. పడవ పడమటి వైపు రావాలి. పడమటి వైపు. ఓడరేవుకి చెప్పండి. ఓవర్."

అమ్మ అరచేతి మీద రాసుకుంటోంది. చోటు చాలక మణికట్టు దాకా రాసింది.

ఉడుత నొక్కింది. "నలుగురూ బతికే ఉన్నారు. వంటాయన కాలు విరిగింది, జ్వరం. నీళ్లు లేవు. పడవ పడమటి వైపు రావాలి. సరేనా నాన్నా? ఓవర్."

"సరే, సరిగ్గా విన్నావు. ఇందాక కూడా పిలిచానే. నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు. ఎదురింటి రేకుల దాకా అంతా విన్నాను. మీరంతా బాగున్నారని అప్పుడే తెలిసింది. కానీ నేను పిలిచిన ప్రతిసారీ నా గొంతు నీ గొంతు కింద అణిగిపోయింది."

ఉడుతకి చెవులు వేడెక్కాయి. నాన్నతోపాటు ఆ పెద్దాయనా, ఆ ఆవిడా, ఇంకా ఎవరెవరో వింటున్నారు. అయినా నొక్కింది.

"నేను వదల్లేదు నాన్నా. నువ్వు పలకవేమోనని భయమేసింది. ఓవర్."

కాసేపు హోరు. తరవాత దగ్గులాంటి నవ్వు ఒకటి.

"నువ్వు వదలవేమోనని నాకూ భయమేసింది. బ్యాటరీ అయిపోతోంది. ఇంకో మాట చెప్పాలి..."

ఆయన గొంతు సన్నబడుతోంది. డబ్బా అపార్ట్‌మెంట్ల వెనక్కి దిగుతోంది. పైనుంచి అత్త ఏదో అరుస్తోంది. అమ్మ ఉడుత భుజం పట్టుకుంది. "చెప్పవే, ఏదో ఒకటి చెప్పు, వెళ్లిపోతోంది!"

ఉడుతకి చెప్పాల్సింది చాలా ఉంది. తొందరగా వచ్చెయ్యమని చెప్పాలి. బొండం నిన్ను అడిగాడని చెప్పాలి. ఏడుపొస్తోందని చెప్పాలి. డబ్బాకి ఇంకా కాస్త ఆకాశం మిగిలుంది.

ఆ పిల్ల మైకుని బల్లమీద పెట్టి, స్పీకరు దగ్గరికి వంగి, ఆ కాస్త ఆకాశాన్నీ నాన్నకే వదిలేసింది.